హాలు గోడకు బెల్లం రంగు

నర్సీపట్నంలో మా ఇల్లు పూర్తి కావచ్చేసరికి అందులో నేను ఎంచినదంటూ ఒక్కటీ లేదు. ప్లాను మా ఆయన స్నేహితుడు గీశాడు. బూడిద రంగు టైల్సు మా ఆయన తెచ్చారు. తలుపుల చెక్క ఆయన అక్కగారు పాయకరావుపేట నుంచి వచ్చి మరీ ఖాయం చేశారు. రంగుల దాకా వచ్చేసరికి అందరికీ ఓపిక అయిపోయింది. "హాలు సంగతి నువ్వే సూసుకో" అన్నారు మా ఆయన. పద్నాలుగేళ్ళ కాపురంలో అలాంటి మాట వినడం అదే మొదలు. పిచ్చిదానిలా సంబరపడ్డాను.

నేను కొయ్యూరులో టీచరుని. రోజూ పొద్దున్న బస్సులో కూర్చుని రంగుల కార్డు ఒళ్ళో పెట్టుకునేదాన్ని. నాకు గోధుమ రంగు కావాలి. అయితే చల్లగా, కాఫీ పొడిలా ఉండకూడదు. చూడగానే వెచ్చగా అనిపించాలి. కార్డులో అలాంటివే ఇరవై పైగా ఉన్నాయి. ఏది చూసినా అదే అనిపించేది.

మా పెయింటరు అరవై దాటిన మనిషి. కార్డు నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టేశాడు.

"ఇది సూసి కొనకండమ్మా. గోడకెక్కితే ఇంకా ముదురుతాది" అని, గోడ మీద చాపంత మేర మూడు రంగులు వేశాడు. "మూడు పూటలా సూడండి. ఎండలో ఒకలాగుంటాది, లైటేత్తే ఇంకోలాగుంటాది."

నాలుగు రోజులు చూశాను. మొదటిది సాయంత్రానికి వంకాయ రంగుకు తిరిగేది. రెండోది ట్యూబులైటు కింద బురదలా కనిపించేది. మూడోది దగ్గరగా వచ్చింది కానీ బరువుగా ఉంది.

"ఇది పాతబెల్లం. మీకు కావలిసింది కొత్తబెల్లం" అన్నాడాయన. కొంచెం పసుపు, రవ్వంత ఎరుపు కలిపి మళ్ళీ వేశాడు. అదే. నేను నోటితో చెప్పలేకపోయినది ఆయన చేతికి తెలిసింది.

"నాలుగు గోడలకీ ఏసెయ్యకండి, గది సిన్నదైపోద్ది. సోఫా ఎనకాల గోడొక్కటీ సాలు. మిగతావి మీగడ రంగు. పైన కూడా అదే. మరీ తెల్లగా ఏత్తే కళ్ళకి కొడతాది. ఈ బూడిద టైలు సల్లటిది కదా, మధ్యలో ఎర్రంచు జంబుఖానా ఒకటి పరిసేరంటే రెండూ కలిసిపోతాయి. ట్యూబులైటు మాత్రం తీసేసి పసుప్పచ్చ బల్బు పెట్టండి."

అన్నీ అలాగే చేశాను. మా ఆయన వచ్చి సోఫాలో కూర్చుని చాలాసేపు గోడ వైపు చూశారు. "బాగుందే! లేవబుద్ధవట్లేదు" అన్నారు.

గృహప్రవేశం నాడు హాలు నిండా చుట్టాలు. మా వదినగారు గోడ ముందు నిలబడి నోటి మీద చెయ్యేసుకున్నారు.

"ఓలమ్మా, ఇదేటే? మట్టిగోడలాగుంది! మట్టింట్లో పుట్టి పెరిగి, మేడ కట్టింది మళ్ళీ మట్టి సూసుకోడానికా?"

అందరూ నవ్వారు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయనా నవ్వుతూనే ఉన్నారు.

"నాను వద్దనే అన్నానక్కా. ఇంటేనా? దాని పిచ్చి దానిది."

చేతిలో కాఫీ గ్లాసుల పళ్ళెం ఉంది. ఒక్కొక్కరికీ అందిస్తూ పోయాను. అందరూ వెళ్ళాక, "మీరు బాగుందన్నారు కదండీ?" అని అడిగాను.

"అక్క ముందు ఏటనమంటావు? గోడ కోసం గొడవ పడతామా?" అన్నారు.

ఆ వేసవిలో పరీక్షల డ్యూటీ పడి పదిరోజులు కొయ్యూరులోనే ఉండిపోయాను. తిరిగొచ్చి గేటు తీస్తుంటేనే పెయింటు వాసన. హాలు నాలుగు గోడలూ లేత గులాబీ రంగు. జంబుఖానా చుట్టచుట్టి మంచం కిందికి తోశారు. చీర మార్చుకుని వంటలోకి దిగాను. తర్వాత ఒకరోజు బజారులో పాత పెయింటరు కనిపించాడు. "ముందు నన్నే పిలిసారమ్మా. నా సేత్తో ఏసింది నా సేత్తోనే సెరపడానికి మనసొప్పక ఎల్లలేదు" అన్నాడు. మా ఇంట్లో ఒక్కరికీ రాని ఆలోచన పరాయివాడికి వచ్చింది.

రెండేళ్ళ తర్వాత మా ఆయన ఆఫీసరుగారి కొత్తింటికి భోజనానికి వెళ్ళాం. వాళ్ళ హాల్లో సోఫా వెనక గోడకు గోధుమ రంగు. నాదంత బాగా లేదు గానీ ఆ జాతిదే. మా ఆయన దాని మీద చెయ్యి వేసి నిమిరి, "ఎంత బాగుందండీ! మా ఇంట్లోవాళ్ళకి ఇలాంటి ఆలోచనలు రావండి" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. ఆయన ముఖంలోకి చూశాను. అబద్ధం ఆడుతున్నారేమోనని వెతికాను. లేదు. నిజంగానే మర్చిపోయారు. అబద్ధమైతే ఓర్చుకుందును.

ఆ వారమే ఆయనే షాపుకి వెళ్ళి, కార్డు చూసి, రంగు డబ్బాలు తెచ్చారు. మూత తీస్తుంటే చూశాను. ముదురు గోధుమ రంగు. నాలుగు గోడలకూ అదే వేయమన్నారు. పైన సున్నంలాంటి తెలుపు. మళ్ళీ ట్యూబులైటు. ఏమవుతుందో నాకు తెలుసు. వంటింట్లో కూర్చుని చిక్కుళ్ళు ఒలుచుకున్నాను.

హాలు గుహలా తయారైంది. "కార్డులో ఒకటి సూపించి డబ్బాలో ఇంకోటి పోస్తారు" అని మా ఆయన షాపువాణ్ణి తిట్టారు. మా వదినగారు మాత్రం వచ్చి, "తమ్ముడేయించాడా? పెద్దోళ్ళ ఇల్లులాగుంది" అని మెచ్చుకున్నారు.

తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి ఆ హాల్లో అక్షరాలు కంటికి ఆనవు. పుస్తకాలు తీసుకుని వరండాలోకి పోతోంది. మొన్న సాయంత్రం పోతూ పోతూ ఆగింది.

"అమ్మా, ఇలా అవుతుందని నీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసు."

"మరి సెప్పలేదేం?"

దండెం మీద బట్టలున్నాయని చెప్పి పెరట్లోకి వెళ్ళిపోయాను. అవి ఇంకా ఆరలేదు.