చెరువు గట్టు చుట్టాలు

ఆయన పక్షుల ఫొటోలు తీస్తాడు. అందులో వింతేమీ లేదు. వింతల్లా పక్షిని పక్షి అనకపోవడమే. ఆయనకు అవన్నీ చుట్టాలు. కొమ్మమీద దర్జాగా కూర్చుని చేప కోసం చూసే లకుముకి పిట్ట కొత్తల్లుడు. పొద్దస్తమానం కీచులాడుకునే గోరింకలు తోడికోడళ్ళు. ఇంకొకరి గూట్లో గుడ్లు పెట్టి చక్కా పోయే కోయిల ఆడపడుచు.

"మీ చెల్లెలు వింటే ఊరుకుంటుందా?" అని భార్య అడిగితే, "వినదులే. పిల్లల్ని మనింట్లో దింపి సినిమాకెళ్ళిందిగా" అనేవాడు.

అన్నిట్లోకీ ఆయనకు ఇష్టమైనది నీళ్ళలో గంటల తరబడి ఒంటికాలిమీద నిలబడే నారాయణ పక్షి. దాని పేరు మామగారు.

అసలు మామగారు ఇంట్లో మంచం మీదున్నాడు. జారిపడితే విరిగిన కాలు అతుక్కుంది గానీ మనసు అతుక్కోలేదు. ఇప్పుడు నడవకపోతే ఇక ఎప్పటికీ నడవలేడని డాక్టరు తేల్చేశాడు. ముసలాయన మాత్రం గోడవైపు తిరిగి, "నడిచి ఎవరింటికెళ్ళాలి? నన్ను చూడ్డానికి ఎవరొచ్చారు గనక?" అనేవాడు. కూతురు బతిమాలింది, కసిరింది, వంటింట్లోకెళ్ళి ఏడ్చింది. మొగుడేమో కెమెరా భుజాన వేసుకుని చెరువుకు పోయేవాడు. ఆవిడకు ఇద్దరిమీదా ఆశ చచ్చిపోయింది.

ఒకరోజు ఆవిడ తను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో ఒక పెద్దమనిషి ముక్కుమీద జోడు సరిచేస్తుంటే ఫోన్ మోగింది.

"మామగారు పోయారే!" అవతల మొగుడు గోలపెట్టాడు. "నా కళ్ళముందే పోయారు!"

ఆవిడ జోడు చేత్తో పట్టుకునే ఇంటికి పరిగెత్తింది. పెద్దమనిషి ఎదురుగా ఉన్న అద్దాన్ని "ఏమైందమ్మా?" అని అడిగాడు.

ఇంట్లో ముసలాయన నిక్షేపంగా ఉన్నాడు. "ఏంటే ఆ పరుగు? ఆ జోడెవరిది?" అన్నాడు.

కాసేపటికి మొగుడొచ్చాడు. గుమ్మంలోనే నిలదీసింది.

"పోయారంటే ఏమిటండీ అర్థం?"

"ఎగిరిపోయారని! సరిగ్గా నేను మీట నొక్కబోతుంటే..."

"నా ప్రాణం పోయింది! నాన్న ఇక లేవడేమోనని నేను కుమిలిపోతుంటే మీకు పరాచికాలా? ఇవాళ్టినుంచి ఈ ఇంట్లో పిట్టలకి వరసలు కలిపారంటే ఊరుకోను!" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆయన తల దించుకున్నాడు. "సరేలే. ఇక కలపను."

"అదేం కుదరదు!" లోపల్నుంచి కేక వినిపించింది. "మరి నాకు చుట్టాల కబుర్లు ఎవరు చెప్తారు?"

అప్పుడు బయటపడింది సంగతి. రోజూ ఆవిడ దుకాణం నుంచి వచ్చేలోపల అల్లుడు మంచం పక్కన చేరి, తోడికోడళ్ళ తగవులూ ఆడపడుచు నిర్వాకాలూ పూసగుచ్చినట్టు చెబుతున్నాడట. ఎవరూ తొంగిచూడని ముసలాయనకు రోజుకింతమంది చుట్టాల్ని మోసుకొస్తున్నాడు. ఆవిడకు మొగుడిమీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. అంతలేసి తిట్లు తిట్టాక ఆ మాట చెప్పడానికి మొహం చెల్లక, ముక్కు తుడుచుకుంది.

"ఇంతకీ ఎగిరిపోయిన నేను మళ్ళీ వస్తానా?" అడిగాడు ముసలాయన.

"రేపు పొద్దున వస్తారు మామగారూ."

"అయితే నన్నూ తీసుకెళ్ళు. నేను లేకుండా నన్ను ఫొటో తీస్తే ఏం బావుంటుంది?"

అంటూనే దుప్పటి పక్కకు తన్ని కాళ్ళు నేలమీద పెట్టాడు. "నా చెప్పులెక్కడ పడేశావే?" అని కూతురిమీద కేకలేశాడు.