మునిరత్నమ్మ కాచిన ఇటుక

కరోనా తగ్గాక రెండో ఏడు. కోలారు పక్కన తమక అనే ఊళ్లో నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి అప్పటికి పదకొండేళ్లు. రెండు గదులు, మూడు బల్లలు. రాయల్పాడు నుంచి నారాయణప్ప అనే రైతును వ్యాన్‌లో పడుకోబెట్టి తెచ్చారు. మామిడికాయలు కోస్తుంటే కొమ్మ విరిగి వెల్లకిలా పడ్డాడట. బెంగళూరులో ఆపరేషన్ అయి రెండు నెలలు దాటింది. ఛాతీ కింద నుంచి స్పర్శ లేదు, కాళ్లు కదలవు.

మెదడు నుంచి వెన్నెముక లోపలగా కిందికి దిగే నరాల తాడును స్పైనల్ కార్డ్ అంటాం, అదే వెన్నుపాము. కాలు కదపమని మెదడు పంపే కబురు దాని గుండానే దిగుతుంది. కాల్లో ముల్లు గుచ్చుకుందన్న కబురు దాని గుండానే పైకి వెళ్తుంది. నారాయణప్పకు ఆ దారి మధ్యలో తెగిపోయింది. తెగిన చోటుకు కింద ఉన్న భాగం మాత్రం బతికే ఉంటుంది. అందుకే మోకాలి కింద చిన్న సుత్తితో తడితే కాలు తనంతట తాను ఎగురుతుంది. దాన్ని రిఫ్లెక్స్ అంటాం. దానికి మెదడు అక్కర్లేదు, ఆ మనిషికి తెలియను కూడా తెలియదు.

ఆ రోజు నేను తట్టాను. కాలు గట్టిగా ఎగిరింది. పక్కనే ఉన్న ఆయన భార్య మునిరత్నమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"కాల్లో ఉసురుండాది చూడమ్మా. ఇంగ నడుస్తాడు."

ఆ ముఖం చూసి నిజం చెప్పలేకపోయాను. నా నోటి దురుసు గురించి కోలారులో అందరికీ తెలుసు, కానీ ఆ పూట అది పనికి రాలేదు. చూద్దాం రత్నమ్మా అని తప్పించుకున్నాను. రెండు గంటలకోసారి ఆయన్ను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పమని చెప్పాను. కాళ్లకు వేడి తగలనివ్వొద్దని చెప్పలేదు. అది చెప్పాలంటే ఆ కాళ్లకు ఏమీ తెలియదని ముందు చెప్పాలి. నాది పిరికితనం, దానికి జాలి అని పేరు పెట్టుకున్నాను. బయట ఇంకా నలుగురు కాచుకుని ఉన్నారు, వాళ్లను పిలిచాను.

మళ్లీ నాలుగో వారంలో వచ్చారు. కుడికాలి గుడ్డ విప్పితే మడమంతా నల్లబడి, లోపలి దాకా కుళ్లి ఉంది. ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. ఏం చేశారని అడిగితే మునిరత్నమ్మ దాచకుండా చెప్పింది. మా వైపు నొప్పులకు ఇటుక కాచి, గుడ్డ చుట్టి కాపడం పెట్టడం మామూలే. రోజూ రెండు పూటలా ఆ కాలి మడమకి పెట్టిందట. పెట్టగానే కాలు వెనక్కి లాక్కునేదట. వేడి తెలుస్తోందని సంబరపడి, పూటపూటకూ ఇంకొంచెం ఎక్కువ కాచింది. కాలు అలా లాక్కోవడం కూడా రిఫ్లెక్సే.

పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నాను. ఆమె వ్యాన్ డ్రైవర్ కోసం బయటికి వెళ్లగానే నారాయణప్ప నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఇటుక వల్లని దానికి చెప్పొద్దమ్మా. పడుకోని పడుకోని పుండైందని చెప్పు. అది తట్టుకోలేదు."

ఇటుక కాలుస్తోందని ఆయనకు ఎప్పటి నుంచో తెలుసన్నమాట. ఆమె అంత ఆశగా పెడుతుంటే వద్దనలేకపోయాడు. మాట ఇచ్చేదాన్నేమో, ఈలోగా ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నా ఇటుక వల్లనేనా అమ్మా?"

నేను దాచినా రేపు ఆసుపత్రిలో ఎవరో ఒకరు చెప్పేస్తారు. "ఇటుక వల్లనే. కానీ తప్పు నాది. ఆ కాళ్లకి ఏమీ తెలియదని నాకు మొదటి రోజే తెలుసు. నీకు చెప్పలేదు," అన్నాను. నారాయణప్ప ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

ఆమె బల్ల దగ్గరికి వచ్చి ఆ కాలు పట్టుకుని అడిగింది.

"అట్లయితే ఆ పొద్దు కాలెత్తింది ఈయప్ప కాదా?"

"కాదు రత్నమ్మా."

అప్పుడు నేల మీద కూలబడి ఏడ్చింది. పుండు చూసినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఆసుపత్రిలో కాలు తీసేశారు. అప్పటికే చీము రక్తంలోకి పాకింది. ఎనిమిదో రోజు నారాయణప్ప పోయాడు.

ఇప్పుడు నేను ఇంటివాళ్లను కూర్చోబెట్టి ముందే చెబుతాను, కాలు ఎగురుతుంది, కానీ ఎత్తేది మీ మనిషి కాదని. కొందరు నన్ను శాపనార్థాలు పెడతారు, పడతాను. ఆ రోజు నేను మింగిన మాట ఒక్కటే. అది చెప్పి ఉంటే మునిరత్నమ్మ ఆ పూటంతా ఏడ్చేది, పొయ్యిలో ఇటుక మాత్రం పెట్టేది కాదు.