కారు కింద సెగ

ఎన్నేళ్ళుగా మోస్తున్నానో లెక్కపెట్టడం మానేశాను. మీకు చెబుతున్నది గుండె బరువు దించుకుందామనే, మంచివాణ్ణి అనిపించుకోవడానికి కాదు. చదివాక తిట్టుకోండి. నాకేం అభ్యంతరం లేదు.

ప్రొద్దుటూరులో నాకు చిన్న మెకానిక్ షెడ్డు ఉండేది. ఊరందరి బండ్లూ బాగుచేసేవాణ్ణి గానీ నాకంటూ ఒక బండి లేదు. ఓబులేసు జమ్మలమడుగు దగ్గరి పల్లెవాడు. గొర్రెల మందను అమ్మేసి పాత డీజిల్ కారు కొని, పొద్దున్నే పులివెందులకు బాడుగలు తోలేవాడు. ఒకరోజు షెడ్డు ముందు కారాపి, దిగకుండా హారన్ కొట్టి నన్ను పిలిచాడు. వాడు నాకు చేసిన అపకారం అంతే. నిన్నటిదాకా గొర్రెల వెంట తిరిగినవాడు నన్ను హారన్ కొట్టి పిలుస్తాడా అని ఒళ్ళు మండిపోయింది.

"మామా, చలికి పొద్దున్నే స్టార్టే కాకుండాది. సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దిగిపోతాంది. ఏందో సూడు."

వంగి చూశాను. హీటర్ ప్లగ్గులకు పోయే వైరు కాలి తెగిపోయి ఉంది. ఆ ప్లగ్గులు ముందుగా లోపల కాస్త కాక పుట్టిస్తేనే చలిలో డీజిల్ అంటుకుంటుంది. వైరు కలపడం నాకు చిటికెలో పని, అయినా కలపలేదు. ఇంకొకటి కూడా చూశాను. డీజిల్ పైపు చెమర్చి, చుక్కలు చుక్కలుగా కారుతోంది.

"ఆయిలు గడ్డకడతాంది. లారీలోళ్ళ మాదిరి ఇంజన్ కింద పాతగుడ్డలు కాల్చి సెగ పెట్టు. అదే లేస్తాది" అన్నాను.

"ఏం కాదు గదా మామా?"

"ఇంత భయమైతే కారెందుకు కొన్యావప్పా?"

వాడు సిగ్గుపడి నవ్వాడు. ఆ సిగ్గు చూసి నాకు తృప్తిగా అనిపించింది.

అప్పుడు నా మనసులో ఏముంది? కారు తగలబడాలనా? వాడికి బుద్ధి రావాలనా? డీజిల్ సంగతి ఆ క్షణంలో మరిచిపోయానని ఇన్నేళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఆ డీజిల్ నా వేళ్ళకు అంటింది. ప్యాంటుకు తుడుచుకుంటూనే సెగ పెట్టమన్నాను.

మరుసటి రోజు తెల్లవారుజామున కారు అంటుకుంది. వాడి అంగీ మీది మంటను భార్య లక్ష్మీదేవి ఒట్టి చేతులతో ఆర్పింది. వాడు బతికాడు. ఆమె వేళ్ళు ముడుచుకుపోయి, మళ్ళీ సాగలేదు.

కబురు తెలియగానే నాకు జాలి కలగలేదు, భయం కలిగింది. నా పేరు చెప్పాడేమో కనుక్కోవడానికి, వాళ్ళు ఆస్పత్రి నుంచి రాగానే పలకరించే నెపంతో వాళ్ళింటికి పోయాను. ఓబులేసు వాకిట్లో కూర్చుని, చేతకాకపోయినా ఆమెకు జడ అల్లుతున్నాడు. ఆమె నన్ను ఏమంటుందోనని వాడే ముందుగా అడ్డం పడ్డాడు.

"మామ చెప్పినాడు, డీజిల్ కారతాందేమో చూసుకోమని. నేనే ఇనుకోల్యా."

ఆమె నా వైపు తిరిగింది. "నిజమేనా మామా?"

నేను అననే అనని ఆ మాటకు తల ఊపాను.

ఆమె వాడి చేతుల్లోంచి జడ విడిపించుకుంది. కొన్నాళ్ళకు వేంపల్లెలోని పుట్టింటికి వెళ్ళిపోయింది. తన చేతులు పోయింది మొగుడి నిర్లక్ష్యం వల్లేనని ఈరోజుకీ నమ్ముతోంది. వాడు ఇప్పుడు వేరేవాళ్ళ గొర్రెలు కాస్తున్నాడు. కనిపిస్తే ఇప్పటికీ నన్ను మామా అనే పిలుస్తాడు.

డీజిల్ కారడం చూసింది నేను. వాడికి చెప్పలేదు. వేంపల్లెకు పోయి ఈ మాట ఆమె ముందు అనే ధైర్యం ఇప్పటికీ రాలేదు. ఇక్కడ రాసినందుకే ఊపిరి కాస్త ఆడుతోంది, దానికీ సిగ్గేస్తోంది.