నేను జరిపిన మూడు రాళ్ళు

ఆరేళ్ళుగా మూడు రాళ్ళు మోస్తున్నాను. ఒక్కొక్కటి కొబ్బరికాయంత ఉంటుంది, అంతకన్నా పెద్దవి కావు. ఒకచోట నుంచి తీసి ఇరవై అడుగుల అవతల పెట్టాను. నేను చేసింది అంతే. అంతేనా? చూశారా, నోరు తెరవగానే మళ్ళీ తప్పును చిన్నది చేసి చెబుతున్నాను. ఇన్నేళ్ళూ నాకు నేను ఇలాగే చెప్పుకుంటూ వచ్చాను. నా మీద నాకే అసహ్యం పుట్టేది ఇందుకే.

పేరు చెప్పను. రాయలసీమ వాణ్ణి, ఖతర్‌లో డ్రైవర్ని. మొదట దోహాలో, అల్ ముంతజా పేటలో ఒక ఇంట్లో హౌస్ డ్రైవర్‌గా చేశాను. తర్వాత టూరిస్టులను ఎడారికి తీసుకెళ్ళే ఒక చిన్న కంపెనీలో చేరాను. మా మేనేజరు ఎప్పుడో ఆస్ట్రేలియా వెళ్ళి, అక్కడి ఆదివాసులు దారి చూపిస్తూ ఎడారిలో రోజుల తరబడి నడిపించే యాత్ర చేసి వచ్చాడట. ఇక్కడా అలాంటిది పెడదామన్నాడు. దానికి ఈ నేల మీద పుట్టి పెరిగినవాడు కావాలి. అలా దొరికాడు హజ్జీ.

డెబ్బై దాటిన బదూ మనిషి, ఎడారిలో తిరిగే సంచార జాతివాడు. ఖతర్ దక్షిణాన ఉన్న ఇసుక తిన్నెల్లోనే వాళ్ళ తాతలు ఒంటెలు మేపారు. ఆయనకు ఇంగ్లీషు ముక్క రాదు. మాతో సగం అరబీ, సగం హిందీ మాట్లాడేవాడు. కార్లలో తిన్నెలెక్కి కేకలు పెట్టే టూరిస్టులంటే ఆయనకు గిట్టదు. నడిస్తేనే నేల తెలుస్తుందనేవాడు. ఆ నాలుగు రోజుల నడక ఆయనకు ఉద్యోగం కాదు. తన వాళ్ళ నేలను తన కాళ్ళతో మరొకరికి చూపించడానికి ఆ వయసులో దొరికిన ఒకే ఒక్క వీలు.

తెల్లవారకముందే ఆయన యాత్రికులను తీసుకుని బయల్దేరేవాడు. వంటవాడు గంగారాం, జగిత్యాల వైపు వాడు, మందుల సంచి తగిలించుకుని వాళ్ళతోనే నడిచేవాడు. నేను గుడారాలు విప్పి, సామానూ నీళ్ళ క్యానులూ బండిలో వేసుకుని వెనక బయల్దేరాలి. దారి చీలిన ప్రతిచోటా హజ్జీ నాకోసం మూడు రాళ్ళు పెట్టి వెళ్ళేవాడు. కింద రెండు, పైన ఒకటి. రాళ్ళు ఏ దారి మొదట్లో ఉంటే బండి ఆ దారిన పోవాలి. ఫోను పనిచేయని చోట మా ఇద్దరి మధ్యా ఉన్న మాట అదే. ఆ మాట ఆయన ఒక్కసారీ తప్పలేదు.

అది మార్చి ఆఖరు. చలి పోయి ఎండ ముదిరింది. రెండో రోజు సాయంత్రం పొయ్యిలోకని నేను ఒక పొద కొమ్మ విరిచాను. పైకి ఎండినట్టే ఉంది, లోపల పచ్చిది. హజ్జీ చూశాడు. అందరి ముందూ, ఆరుగురు తెల్లవాళ్ళ ముందూ, గంగారాం ముందూ గట్టిగా కేకలేశాడు. పచ్చి చెట్టు విరిచినవాడికి ఎడారిలో నీడ దొరకదన్నాడు. నిజమే. తప్పు నాది. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. దోహాలో ఎవరు పడితే వాళ్ళు అరిస్తే నోరు మూసుకుని పడినవాణ్ణి, ఈ ముసలాయన అరిస్తే మాత్రం ఎందుకంత రోషం వచ్చింది? ఎందుకో చెబుతాను. కంపెనీలో నాకన్నా తక్కువ విలువ ఉన్నవాడు ఆయనొక్కడే. మేనేజరు ఆయన్ను ఫొటోలకు వాడుకునేవాడు తప్ప మనిషిగా లెక్కచేసేవాడు కాదు. బలవంతుల దగ్గర పడ్డ మాటలన్నిటికీ కక్ష తీర్చుకోవడానికి నాకో బలహీనుడు దొరికాడు. మనలో చాలామంది రోషం ఇంతే.

మూడో రోజు తొమ్మిదిన్నరకు బయల్దేరాను. దారి చీలిన చోట రాళ్ళు ఎడమ దారి మొదట్లో ఉన్నాయి. అది గులకరాళ్ళ మీదుగా చుట్టూ తిరిగి పోయే దారి, గంటన్నర పడుతుంది. కుడి దారి నేరుగా తెల్లటి మైదానంలోకి దిగుతుంది. ఆ మైదానం అవతల, కంటికి కనిపించేంత దూరంలో, మధ్యాహ్నానికి మేమంతా కలుసుకోవాల్సిన గుట్ట. నడిచేవాళ్ళ అడుగులు ఆ తెల్లటి నేల మీదుగానే వెళ్ళాయి.

ఇక్కడివాళ్ళు దాన్ని సబ్ఖా అంటారు. సముద్రం పక్కన ఉండే ఉప్పు పర్ర. మనిషిని మోస్తుంది, బండిని మోయదు. ఈ సంగతి హజ్జీ నాకు మూడుసార్లు చెప్పాడు. కానీ నా కంటికి అది సబ్ఖాలా కనబడలేదు. మా ఊరి చౌటినేలలా కనబడింది. తెల్లగా ఉప్పు పేరి, నెర్రెలు విచ్చి ఉంది. మా దగ్గర చౌటినేల ఎండితే బండరాయే, నిండు ఎడ్లబండి పోయినా చక్రం గుర్తు పడదు. చిన్నప్పటి నుంచీ చూసిన నేల. దీని గురించి నువ్వా నాకు చెప్పేది ముసలోడా, అనుకున్నాను. ఆయనకన్నా ముందు గుట్ట చేరి, కాళ్ళు చాపుకుని కూర్చుని, వస్తున్నవాణ్ణి చూసి నవ్వాలనుకున్నాను. చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది. ఇంతమంది ప్రాణాల మీదికి తెచ్చింది ఆ ఒక్క నవ్వు.

మైలు దూరం బాగానే పోయింది. తర్వాత పైపెంకు పగిలింది. కింద నల్లటి బురద. చక్రాలు సగానికి దిగిపోయాయి.

రెండు గంటలు పారతో తవ్వాను. చెక్కలు వేశాను. ఎంత తవ్వితే అంత దిగింది. పన్నెండయ్యేసరికి ఆ పర్ర మీద ఎండమావులు లేచాయి. గుట్ట మీద ఉన్నవాళ్ళకు నేను కనబడే వీల్లేదు. నీళ్ళన్నీ నా దగ్గరే ఉన్నాయి. వాళ్ళ దగ్గరున్నవి మధ్యాహ్నం దాకా సరిపోయే సీసాలు మాత్రమే. గుట్ట అక్కడికి అరగంట నడక.

అప్పుడు నేనేం చేయాలి? మీకు తెలుసు. చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. రెండు క్యానులు భుజానికెత్తుకుని గుట్టవైపు నడవాలి.

నేను వెనక్కి నడిచాను. దారి చీలిన చోటికి. వీసా రద్దు చేసి విమానం ఎక్కిస్తారన్న భయం ఒక్కటే నా తలలో ఉంది. దాహంతో ఉన్న ఎనిమిది మంది లేరు. వెళ్ళి, ఎడమ దారిలో ఉన్న మూడు రాళ్ళనూ తీసి కుడి దారి మొదట్లో పెట్టాను. కింద రెండు, పైన ఒకటి, అచ్చం ఆయన పేర్చినట్టే. గులకరాళ్ళ నేల కదా, అడుగు పడదు. మళ్ళీ బండి దగ్గరికి వచ్చాను. పోనూ రానూ గంట పట్టింది. అప్పుడు క్యానులెత్తుకుని గుట్టవైపు నడిచాను.

దారిలో హజ్జీ ఎదురయ్యాడు. నన్ను వెతుక్కుంటూ వస్తున్నాడు. పెదవులు తెల్లగా పగిలిపోయి ఉన్నాయి. క్యాను మూత తీసి ఇస్తే ముట్టలేదు. ముందు వాళ్ళకు, అని ఒక క్యాను తన చేతిలోకి తీసుకుని వెనక్కి తిరిగాడు. మేం చేరేసరికి యాత్రికుల్లో ఒక టీచరమ్మ స్పృహ తప్పి పడి ఉంది. అరగంటయిందన్నారు. గంగారాం తన తలగుడ్డతో ఆమెకు విసురుతున్నాడు. తన సీసా ఎప్పుడో ఆమెకే తాగించేశాడట. నన్ను చూసి ఏడ్చేశాడు. "అన్నా, దేవునోలె వచ్చినవ్. నువ్వు రాకుంటే మేం సచ్చిపోతుంటిమి" అన్నాడు.

అరగంటయిందన్నారు, విన్నారా? నేను ముందు గుట్టవైపు నడిచి ఉంటే ఆమె పడేది కాదు.

అంతదాకా టీచరమ్మను వదిలి కదల్లేకపోయిన గంగారాం అప్పుడు గుట్ట కొనకెక్కి సిగ్నల్ పట్టుకుని ఫోను చేశాడు. సాయంత్రానికి కంపెనీ బళ్ళొచ్చాయి, మేనేజరూ వచ్చాడు. టీచరమ్మను ఆసుపత్రికి పంపారు. రెండు రోజుల్లో కోలుకుని తన దేశం వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది. మేనేజరు నన్ను ఏం జరిగిందని కూడా సరిగ్గా అడగలేదు. "ముసలాయన సబ్ఖాలోకి దారి చూపించాడా?" అన్నాడు. జవాబు ఆయన నోట్లోనే సిద్ధంగా ఉంది. నడకలు ఆపేసి కార్ల సవారీలు పెట్టాలని అప్పటికే చూస్తున్నాడు, ఆయనకో సాకు కావాలి. నేను తలూపాను. దారి చీలిన చోటికి తీసుకెళ్ళి రాళ్ళు చూపించాను. ఆయన ఫొటో తీసుకున్నాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను కాలు కూడా కడుక్కోలేదు. నా కాలి అడుసు తీసి మరొకరి ముఖానికి పూశాను.

మాతో వచ్చిన హజ్జీ ఆ రాళ్ళ ముందు గొంతుక్కూర్చున్నాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. అరిచి, నువ్వే జరిపావురా దొంగా అంటే నేనూ అరిచేవాణ్ణి, ఇన్నేళ్ళూ ఆయన్ను తిట్టుకుంటూ హాయిగా బతికేవాణ్ణి. ఆయన అరవలేదు. లేచి నా చెయ్యి పట్టుకుని మేనేజరుకు వినబడనంత దూరం తీసుకెళ్ళాడు.

"నా కళ్ళకు ఈమధ్య మసక కమ్ముతోంది. ఇంట్లో కూడా చెప్పలేదు, నీకే చెబుతున్నా" అన్నాడు. "నీవి పడుచు కళ్ళు. వల్లా, అల్లా మీద ఒట్టు, నేను ఎడమనే పెట్టానని నా చేతులకు గుర్తుంది. నువ్వు వచ్చేసరికి ఎటు ఉన్నాయి?"

"కుడివైపే, హజ్జీ."

"నువ్వు బాగా చూశావా?"

"బాగా చూశాను."

ఆయన తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. "అయితే నేను ఇక ఎవరినీ నడిపించకూడదు" అన్నాడు. ఆ మాటే వెళ్ళి మేనేజరుకు చెప్పాడు.

అబద్ధం చెబితే ఎదుటివాడు మోసపోతాడని మాత్రమే నాకు అప్పటిదాకా తెలుసు. ఎదుటివాడు తన చేతుల్ని తానే నమ్మడం మానేస్తాడని తెలియదు. ఎందుకు నన్నే అడిగావు హజ్జీ? కళ్ళ సంగతి నాకెందుకు చెప్పావు? ఇంతమందిలో నమ్మడానికి నీకు నేనే దొరికానా? ఆయన మీద కూడా నాకు కోపమే. ఆ కోపానికి తలా తోకా లేదని తెలుసు, అయినా కోపమే.

నడకలు ఆగిపోయాయి. నన్ను తిన్నెల సవారీ కార్ల డ్రైవర్లకు పెద్దను చేశారు. నీళ్ళు మోసుకెళ్ళి ప్రాణాలు కాపాడానని ఒక ప్రశంసాపత్రం ఇచ్చి, నా ఫొటో ఆఫీసు గోడకు తగిలించారు. కొత్తగా చేరిన ప్రతివాడికీ మేనేజరు ఆ ఫొటో చూపించి కథ చెబుతాడు. నేను తేలు కుట్టిన దొంగలా పక్కన నిలబడతాను. ఎన్నోసార్లు దాన్ని పీకి నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. రోషం అక్కడ మాత్రం పనిచేయదు.

పోయిన నెల అబూ హమూర్ మార్కెట్లో హజ్జీని చూశాను. మనవాళ్ళలాంటి ఒకావిడ చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. ఆయన ఒక కొట్టు ముందు కూర్చున్నాక ఆమెను పలకరించాను. రెడ్డెమ్మ, రాయచోటి వైపు. మదీనత్ ఖలీఫాలో ఆయన కొడుకు ఇంట్లో పని.

"కండ్లు కనపడవా?" అని అడిగాను.

"కనపడకేం అన్నా, ఆపరేషన్ చేపించి నాలుగేండ్లాయ. బియ్యంలో మట్టిబెడ్డ కూడా ఏరి చూపిస్తాడు. అయినా గేటు దాటి ఒక్కడే అడుగు బయట పెట్టడు. సందు చివర్నే మసీదు, ఆడికి గూడా నేను తోడు పోవల్ల. నాకు దారి తెలీదు, తప్పిపోతా అంటాడు. పాపం, ఎవురేం చేసినారో ఏమో!"

చేసినవాడు ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు.

వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. గుర్తుపట్టాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వు చూశాక ఇంక ఆగలేకపోయాను. రాళ్ళు మీరు పెట్టింది ఎడమనే, కుడికి జరిపింది నేను, అన్నాను. ఆయనకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. తర్వాత ముఖం ఎర్రబడింది. చేతికర్ర ఎత్తి నా భుజం మీద ఒక్కటి వేశాడు. జనం చూస్తున్నారు, రెడ్డెమ్మ బెదిరిపోయి చెయ్యి పట్టుకోబోయింది. ఆయన విదిలించుకున్నాడు. మాఫీ లేదు నీకు, పో, అన్నాడు. ఆ మార్కెట్లో జనాన్ని తోసుకుంటూ ఒక్కడే నడిచి పోయాడు. ఆమె వెనక పరుగెత్తింది. దారి తెలిసి పోతున్నాడో, కోపంలో పోతున్నాడో నాకు తెలియదు.

భుజం నాలుగు రోజులు నొప్పి పుట్టింది. నేను మందు రాయలేదు.

కానీ ఇంత చేసీ, నేను ఆయనకు చెప్పింది సగమే. రాళ్ళ సంగతి చెప్పాను. నీళ్ళు నా దగ్గర పెట్టుకుని, గుట్టకు వీపు తిప్పి వెనక్కి నడిచిన ఆ గంట సంగతి చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు. గంగారాంకు తెలియదు. ఇప్పటికీ పండగకు ఫోను చేసి, నీ వల్లే బతికినమన్నా అంటాడు. నా భార్యకు తెలియదు. ఆ టీచరమ్మ ఏ దేశంలో ఉందో, నన్ను ఎంత మంచిగా తలచుకుంటోందో! ఎనిమిది మంది దాహంతో ఉన్నారని తెలిసీ, నేను ముందు నా చర్మాన్ని కాపాడుకోవడానికి వెళ్ళాను. ఇది నేను మొదటిసారి చెబుతున్నది మీకే. మీరు నన్ను క్షమించాల్సిన పని లేదు, మీరు ఆ గుట్ట మీద లేరు. విన్నారు, అది చాలు.