కోసేసిన గాలిగొట్టం

నా వీపు మీద కర్రదెబ్బ పడిన రోజునే మా ఇంట్లో లెట్రిన్ కట్టించాలని నిర్ణయమైంది.

ఎనభైల మధ్యలో సంగతి. సత్తెనపల్లికి బస్సులో అరగంట దూరం మా ఊరు. నేనూ మా ఆయనా ఇద్దరం టీచర్లం. ఆయన పక్క ఊళ్ళో, నేను మా పేటలోనే చర్చి పక్కనున్న బడిలో పనిచేసేవాళ్ళం. పేటలో ఏ ఇంటికీ లెట్రిన్ లేదు. ఆడవాళ్ళం తెల్లవారకముందే గుంపుగా పొలాల గట్లకు వెళ్ళేవాళ్ళం. ఆ ఏడు ఊరి చుట్టూ ఎటు చూసినా పత్తి, మిరపే. ఖాళీ బీడన్నది మిగల్లేదు. గట్టున ఎవరైనా కూర్చుంటే మిరపతోట కాపలా మనిషికి మండిపోయేది. మొదట్లో కేకలేసేవాడు. తర్వాత మట్టిగడ్డలు విసరడం మొదలుపెట్టాడు. క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు మాత్రం కేక కూడా వేయలేదు. వెనకనుంచి వచ్చి కర్రతో ఒక్కటి వేశాడు. చటుక్కున లేవడానికి కూడా వీల్లేని స్థితిలో ఉన్నాను. రెండో దెబ్బ భుజం మీద పడింది. మిగతావాళ్ళు చీరలు దింపుకుంటూ పరిగెత్తారు. నేను బోర్లా పడ్డాను.

"పంతులమ్మవైతే ఏంటంట? నా తోటే దొరికిందా నీకు?" అన్నాడు.

అంటే, నేనెవరో తెలిసే కొట్టాడు.

ఆ రోజు కూడా బడికి వెళ్ళాను. జాకెట్టు వీపుకి అంటుకుపోయి, చెయ్యెత్తి బోర్డు మీద రాసినప్పుడల్లా చర్మం లేచి వస్తున్నట్టుండేది. సాయంత్రం మా ఆయన వచ్చాక వీపు చూపించాను. ఆయన చూశారు. పెరట్లోకి వెళ్ళి, గునపం తీసి, మూలన నేలను పొడవడం మొదలుపెట్టారు. నల్లరేగడి పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. కాపలావాణ్ణి పొడవలేక నేలను పొడుస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది.

మా పెరటికి తూర్పున నడుమెత్తు గోడ. గోడకు అవతల మా బావగారి ఇల్లు. బావగారంటే మా ఆయనకు సొంత అన్న. మామగారు పోయాక కూలికి వెళ్ళి తమ్ముణ్ణి ట్రైనింగు దాకా చదివించింది ఆయనే. మేము వేరుపడ్డా ఆ మాట మా ఇంట్లో ఎవరమూ మరిచిపోలేదు, ఆయన మరవనిచ్చేవాడూ కాదు. కౌలుకి పత్తి వేసేవాడు. మంచివాడే, కానీ చేతికి ముందు పని చెప్పి నోటికి తర్వాత చెప్పే మనిషి. ఎద్దు మొండికేస్తే ఎద్దును కొట్టేవాడు. కూర చప్పగా ఉంటే అక్కను, అంటే మా తోడికోడల్ని, కొట్టేవాడు.

సత్తెనపల్లి నుంచి ముసలి తాపీమేస్త్రిని పిలిపించాం. ఆయన గోతిలో సిమెంటు వరలు దింపి, పైన పలక పరిచి, పలక మీద చిన్న గది కట్టాడు. గది వెనక గోతిలోంచి లావుపాటి సిమెంటు గొట్టం ఒకటి నిలబెట్టాడు. అది గది కప్పును దాటి ఇంకో రెండు మూరలు పైకి లేచింది. నల్లరంగు పూశాడు. గొట్టం మూతికి సన్నటి జాలీ కట్టాడు.

"ఇది దేనికండీ మేస్త్రిగారూ?" అని అడిగాను.

"వాసన పోడానికేనమ్మా. ఎండకి నల్లగొట్టం కాగుద్ది. కాగితే లోపలి గాలి పైకి లేస్తది. పైన గాలి వీస్తే ఇంకా గుంజుద్ది. గదిలో గాలి బొక్కలోంచి కిందకి దిగి, గోతిలో కంపంతా తీసుకుని గొట్టంలో పోద్ది. గది మాత్రం చీకటిగా ఉండాల. అప్పుడు ఈగలు వెలుతురు కోసం గొట్టంలోకెక్కి జాలీ కాడే చస్తాయి. గొట్టం జోలికి మాత్రం పోబాకండి."

మూడో రోజే బావగారు గోడ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఒరేయ్, ఏందిరా ఇది? పొద్దున లేచి తలుపు తీస్తే నాకెదురుగా నీ పెంట గొట్టం! పేటంతా నవ్వుతున్నారు. తీసెయ్."

"అది ఉంటేనే వాసన రాదంట అన్నయ్యా."

"నేను చెప్పేది నీకు వాసనగా ఉందా?"

మా ఆయన అన్నగారి మాటకు ఎదురు చెప్పలేదు. ఎప్పుడూ చెప్పి ఎరగరు. ఆ ఆదివారమే గొట్టాన్ని గోడ ఎత్తుకి కోసేశారు. కోసిన చోట ఒక వంపు ముక్క బిగించారు. దాని మూతి మా వంటింటి వైపు వద్దని తూర్పుకి తిప్పారు. జాలీ అటకెక్కింది. చీకట్లో తేళ్ళుంటాయేమోనని నేనే పట్టుబట్టి గదికి తూర్పు గోడలో పెద్ద కిటికీ పెట్టించాను. తప్పులో నా వంతు కూడా ఉంది.

చలికాలమంతా తూర్పు గాలి వీచింది. అది గొట్టం మూతిలో కొట్టి కంపును వెనక్కి తోసేది. గదిలో ముక్కు మూసుకుని కూర్చునేవాళ్ళం. ఫినాయిల్ పోశాం, బూడిద చల్లాం. వాసనొచ్చినా బాధపడలేదు. నా మీద కర్ర ఎత్తేవాడు లేడు, అంతే చాలనుకున్నాను.

ఎండాకాలం రాగానే గాలి పడమటికి తిరిగింది. కంపు తిన్నగా బావగారి వసారాలోకి పోయింది. ఆయన మంచం అక్కడే, కూడు తినేదీ అక్కడే. ఈగలు ముసిరాయి. ఆ ఏడు తెల్లదోమ పట్టి పత్తి చాలావరకు పోయి, ఆయన కోపం ముందే నెత్తికెక్కి ఉంది. మొదటి వారం తిట్లు. రెండో వారం నేను లోపల ఉండగా తలుపు మీద రాళ్ళు పడ్డాయి. రేకు తలుపు మోత చెవుల్లో పేలుతుంటే మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్నాను. గట్టు మీద పడ్డ దెబ్బే మళ్ళీ వీపు మీద పడుతున్నట్టు ఒళ్ళు బిగుసుకుపోయింది. బయటికొచ్చి గోడ మీదుగా అరిచాను.

"గొట్టం కోయించింది మీరు కాదా బావగారూ?"

"నోర్ముయ్! ఆడదానికి ఇంట్లో దొడ్డి కావాల్సొచ్చిందా?"

ఆ మాట నా లోపల ఎక్కడో దిగబడి ఉండిపోయింది.

మే నెలలో ఒక ఆదివారం ఆరాధన అయి ఇంటికొచ్చాం. సున్నం వేస్తే వాసన తగ్గుతుందని ఎవరో అంటే, పెరట్లో బక్కెట్లో సున్నపురాళ్ళు వేసి నీళ్ళు పోశాను. సలసల ఉడుకుతోంది. అటు బావగారు అన్నానికి కూర్చున్నాడు. పడమటి గాలి గట్టిగా ఒక్క విసురు విసిరింది. కంచం ఎగిరి గోడకు తగిలిన చప్పుడు, వెంటనే వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించాయి. అక్క ఏదో అంటోంది. ఆమె చెంప పగిలిన చప్పుడు కూడా వినపడింది. ఆ వెంటనే ఆయన గునపంతో గోడ దూకాడు.

మొదటి పోటుకే గొట్టం రెండు ముక్కలైంది. రెండో పోటు గది గోడకు పడింది. లోపల బట్టలు మార్చుకుంటున్న మా ఆయన బనీనుతోనే పరిగెత్తుకొచ్చారు. "అన్నయ్యా, ఆగు!" అన్నారు. బావగారు ఆగలేదు. మా ఆయన కింద పడున్న గొట్టం ముక్క తీసి అన్న నుదుటి మీద కొట్టారు. జీవితంలో ఆయన ఒకరిని కొట్టడం నేను చూసింది అదొక్కసారే. బావగారి కనుబొమ్మ చీలి రక్తం ముక్కు మీదికి కారింది. చేత్తో తుడుచుకుని, ఆ చెయ్యి చూసుకుని, "నన్ను కొట్టావురా? నన్ను?" అన్నాడు. గునపం అడ్డంగా తిప్పి కొట్టాడు. మా ఆయన కుడిచెయ్యి అడ్డం పెట్టారు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఆయన కూలబడ్డారు. బావగారు గునపం మళ్ళీ ఎత్తాడు. ఈసారి చూపు తల మీదుంది.

నేను బక్కెట్లో ముంచిన ముంతతో సున్నాన్ని ఆయన మొహం మీద విసిరాను.

ఆయన కేక పేటంతా విన్నది. గునపం చేతిలోంచి జారి నేల మీద పడింది. రెండు చేతులతో మొహం పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నాడు.

మొగుణ్ణి కాపాడుకోవడానికి చేశానని చాలామందికి చెప్పాను. పాస్టరుగారికీ అలాగే చెప్పాను. అందులో అబద్ధం లేదు. కానీ గునపం కింద పడ్డాక నేను ఇంకో ముంత ముంచాను. ఆ మొహం మీదికే విసిరాను. అప్పుడు ఆయన చేతిలో ఏమీ లేదు. ఆయన అరుస్తుంటే ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. ఏ ముంతతో ఆ కన్ను పోయిందో నాకిప్పటికీ తెలియదు.

అక్క గోడ దాటి వచ్చి నన్ను తోసేసింది. "నీళ్ళు పోయొద్దు, ఇంకా ఉడుకుద్ది" అని ఎవరో అరిస్తే ఆముదం పోశారు. ఆ తర్వాత ట్రాక్టరు ట్రక్కులో అన్నదమ్ములిద్దరినీ సత్తెనపల్లి తీసుకెళ్ళాం. అక్కడి కాంపౌండరు, "నీళ్ళేగదమ్మా ముందు పోయాల్సింది, బక్కెట్లకి బక్కెట్లు!" అని తలకొట్టుకున్నాడు. కడిగి, గుంటూరు పెద్దాసుపత్రికి పంపాడు. బస్సులో ఒకే సీట్లో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు, నడుమ అక్క. నేను వెనక నిలబడ్డాను. ఎవరూ నన్ను కూర్చోమనలేదు.

ఆసుపత్రిలో డాక్టరు బావగారిని అడిగాడు. "ఎవరు పోశారు? పోలీసులకి రాయాలి."

ఉద్యోగం పోతుంది, జైలు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

"ఎవరూ పొయ్యలేదండి. గోడకి సున్నం కొడతా పైకి చూశా. మొహాన పడింది" అన్నాడు బావగారు.

"ఆ నుదుటి మీద దెబ్బ?"

"నిచ్చెన మీంచి పడ్డా."

పక్క గదిలో మా ఆయన్నీ అడిగారు. ఆయన కూడా నిచ్చెన మీంచి పడ్డానన్నారు. ఇద్దరూ కూడబలుక్కోలేదు. "ఒకే నిచ్చెనా?" అని డాక్టరు కోపంగా చూశాడు, కానీ ఏమీ రాయలేదు.

బావగారి ఎడమకన్ను మీద తెల్లపొర కట్టింది. చూపు రాలేదు. మా ఆయన చెయ్యి అతుక్కుంది గానీ భుజం పైకి లేవదు. రిటైరయ్యేదాకా బోర్డుకి కింది సగం మీదే రాశారు.

ఇంటికొచ్చిన వారానికి నేనొక్కదాన్నే సత్తెనపల్లి వెళ్ళి మేస్త్రిని పిలుచుకొచ్చాను. ఆయన పగిలిన గొట్టం, వంపు ముక్క, కిటికీ చూశాడు. నుదుటికి కట్టు, కంటికి పట్టీతో గోడ అవతల మంచం మీదున్న బావగారినీ చూశాడు.

"రెండు మూరల గొట్టం కోసం ఇంత చేసుకున్నారా అమ్మా?" అన్నాడు.

కొత్త గొట్టం వేయించాను. ఈసారి కప్పు దాటి మూడు మూరలు, నిటారుగా, వంపు లేకుండా. నల్లరంగు నేనే పూశాను. తూర్పు కిటికీ ఇటుకలతో మూయించి, గాలి దూరడానికి పడమటి తలుపు పైన జానెడు సందు వదిలించాను. జాలీ కొత్తది కట్టించాను. నిచ్చెన కదులుతుంటే అక్క వచ్చి పట్టుకుంది. నాతో మాట్లాడలేదు. పట్టుకుని మాత్రం నిలబడింది.

పని అయ్యాక మేస్త్రి చుట్ట వెలిగించి, గదిలోకి పిలిచి, పలక మీది బొక్క దగ్గర పొగ వదిలాడు. పొగ పైకి లేవలేదు. కిందకి వంగి, బొక్కలోకి జారిపోయింది. బయటికొచ్చి పైకి చూస్తే కాసేపటికి గొట్టం మూతిలోంచి పల్చగా పొగ లేచి, మా ఇద్దరి ఇళ్ళ కప్పుల మీదుగా ఎటో పోయింది. నేను అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చాను. కష్టం తీరినందుకు కాదు. ఇంత తేలిక పని అయినందుకు.

పది రోజులు వాసన లేదు. పదకొండో రోజు బావగారు గోడ దగ్గరికొచ్చాడు.

"కంపు రావట్లేదమ్మాయ్" అన్నాడు.

"బావగారూ, మీ కన్ను..." అని మొదలుపెట్టాను.

"కన్ను సంగతి ఎత్తమాక" అని వెళ్ళిపోయాడు.

రెండో ముంత గురించి చెప్పాలనుకున్నాను. చెప్పలేకపోయాను. ఆయన పోయేదాకా చెప్పలేదు.

అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. పండగలకి అక్క వచ్చేది, వర్షాల్లో మా లెట్రిన్‌కీ వచ్చేది. వాళ్ళిద్దరి మధ్యా మాత్రం మాట లేదు. అలా రెండేళ్ళు. మూడో ఏడు ముసురుకి నడిమి గోడ కూలింది. కట్టక తప్పదు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఒక సెలవు రోజు బావగారు అటునుంచి కట్టడం మొదలుపెడితే, మా ఆయన ఇటునుంచి ఎడమచేత్తో ఇటుకలు అందించారు. మధ్యాహ్నం దాకా తాపీ చప్పుడు తప్ప మాట వినపడలేదు. నేను వంటింటి గుమ్మంలో బియ్యం ఏరుతూ చూస్తున్నాను.

నాలుగు వరుసలు లేచాక బావగారు తాపీ కింద పెట్టాడు.

"ఒరేయ్, వంకర పోతందేమో చూడు. నాకు సరిగ్గా ఆనట్లా" అన్నాడు.

మా ఆయన గోడ చివరికి వెళ్ళి వంగారు. వరుస చూడటానికి అలవాటుగా ఒక కన్ను మూశారు. వెంటనే తెరిచేశారు. రెండు కళ్ళతోనే చూశారు.

"వంకరగానే ఉందన్నయ్యా" అన్నారు.

ఇద్దరూ కలిసి పై రెండు వరుసలూ ఊడదీసి, మళ్ళీ కట్టారు.