భివండి తండ్రికి జాగ లేని సాఫ్ట్‌వేర్

2011లో, తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో, నన్ను సిద్దిపేట తహసీల్దారు కార్యాలయానికి సిస్టమ్స్ అనలిస్టుగా డిప్యుటేషన్ మీద పంపారు. నివాస ధ్రువపత్రాలు చేతిరాత మానేసి కంప్యూటర్‌లో ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్ రాసేది హైదరాబాద్ కన్సల్టెంట్లు. అది సరిగ్గా ఉందని సంతకం పెట్టేది నేను.

అంతకుముందు సాఫ్ట్‌వేర్లు మేం తయారుచేసిన తీరూ గొప్పదేం కాదు. ఏడాదిపాటు అవసరాలు కాయితాల మీద రాయడం, మరో ఏడాది కోడు రాయడం, చివరికి ఎవరికీ పనికిరానిది అంటగట్టడం. ఆ రోగానికి మందుగా పుట్టిందే ఎజైల్: కొంచెం చేయి, వాడే మనిషికి చూపించు, తప్పుంటే దిద్దు, మళ్లీ చూపించు. ఇంతకన్నా బుద్ధిగల మాట ఉందా? మా దాకా వచ్చేసరికి అందులో మిగిలింది నిలబడటం ఒక్కటే. రోజూ ఉదయం పావుగంట అందరం నిలబడి నిన్న ఏం చేశామో అప్పజెప్పాలి. గోడ నిండా పసుపు చీటీలు, ఒక్కో పనికి ఒకటి. రెండు వారాల గడువుకు స్ప్రింట్ అని పేరు. చీటీ 'అయిపోయింది' గడిలోకి వెళ్తే చప్పట్లు కొట్టాలి.

వాడేవాళ్ల తరఫున ఒకరు కూర్చొని ఏది కావాలో చెప్పాలని ఆ పద్ధతిలో నియమం. ఆయన్ని ప్రాడక్ట్ ఓనర్ అంటారు. మా ఆఫీసులో ఆ కుర్చీ యాదగిరిది. ఇరవై ఏళ్లుగా ఆ పత్రాలు రాస్తున్న సీనియర్ అసిస్టెంట్. మొదటి స్ప్రింట్ నాటికి ఆయన రోడ్డవతల తెలంగాణ దీక్షా శిబిరంలో ఉన్నాడు. రోడ్డు దాటి వెళ్లి అడగండయ్యా అంటే కన్సల్టెంట్ల నాయకుడు నవ్వి, తమ టీంలోనే ఒకతన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. సిద్దిపేట మొహం చూడనివాడు సిద్దిపేట మనుషులకేం కావాలో చెప్పాడు. సిగ్గులేని పని. దాని మీద నేనూ సంతకం పెట్టాను.

కంప్యూటర్ పత్రాలు మొదలైన వారంలోనే చింతమడక నుంచి స్వప్న అనే అమ్మాయి తల్లితో వచ్చింది. ఎల్లుండి పాలిటెక్నిక్ కౌన్సెలింగ్, దానికి నివాస పత్రం కావాలి. తండ్రి స్వయంగా వచ్చి ఫొటో దిగితే తప్ప స్క్రీన్ ముందుకు కదలదు. తండ్రేమో మహారాష్ట్రలోని భివండిలో, మరమగ్గాల పనిలో ఉన్నాడు.

"మా వాడల సగం మంది మొగోళ్లు ఆడనే ఉన్నరు సార్. ఫొటో కోసం అంత దూరం నుంచి ఎట్లొస్తరు?" అందా పిల్ల.

యాదగిరి ఇంకా శిబిరంలోనే ఉన్నాడని నేను అక్కడికి పోయాను. సంగతి విని యాదగిరి నెత్తి కొట్టుకున్నాడు. "గిదేంది సార్. తండ్రి ఊర్ల లేకుంటే తల్లి సంతకం, ఇద్దరు పెద్దమనుషుల పంచనామా చాలు. ఎప్పటిసంది గట్లనే రాస్తున్నం. నన్ను ఒక్క మాట అడగకపోతిరి."

కన్సల్టెంటుకు ఫోన్ చేశాను. మార్పు మంచిదే, తర్వాతి స్ప్రింట్‌లో చీటీ పెడతామన్నాడు. అంటే రెండు వారాలు. ఎల్లుండే కౌన్సెలింగ్ అంటే, మధ్యలో పని చేర్చడం పద్ధతికి విరుద్ధమన్నాడు. మార్పును రానివ్వడానికే పుట్టిన పద్ధతి గురించి ఆ మాట అనడానికి అతనికి నోరెలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

యాదగిరి శిబిరంలోంచి లేచొచ్చి పాత నమూనాలో చేతితో రాశాడు, తహసీల్దారు సంతకం పెట్టారు. కౌన్సెలింగ్‌లో కంప్యూటర్ పత్రమే చెల్లుతుందని తిప్పి పంపారు. సీటు పోయింది. ఆ శుక్రవారం మా గోడ మీద చీటీలన్నీ 'అయిపోయింది' గడిలోనే ఉన్నాయి.

ఇప్పుడు స్ప్రింట్లు పాతబడ్డాయట, రేపు అడిగిన వెంటనే యంత్రమే కోడు రాసిస్తుందట. రాయనీ. ఏం రాయాలో చెప్పేవాడికే ఏమీ తెలియకపోతే తప్పు ఇంకా తొందరగా తయారవుతుంది, అంతే. చెబుతున్నది ఎవరో చూడకుండా ఒప్పుకోవడం నా తప్పు. దానికి స్వప్న ఒక ఏడాది పోగొట్టుకుంది.