నాయనమ్మ లేవలేదు

నా చిన్నప్పుడు మా నాయనమ్మ నా మీద చెయ్యి చేసుకున్నది ఒకే ఒక్కసారి. అదీ ఇంట్లో కాదు, నడి బజార్లో, పోలీసుల ఎదుట. తలుచుకుంటే ఇప్పటికీ చెంప చురుక్కుమంటుంది. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

మాది గౌలిపురాలో పాలవాళ్ళ గల్లీ. ఇంటింటికీ ఒకటో రెండో బర్రెలుండేవి. మనుషులకూ బర్రెలకూ కలిపి మూల మీద ఒకటే నీళ్ళ నల్లా. ఆ ఎండాకాలం వార్డు ఆఫీసు వాళ్ళు వచ్చి, బర్రెల వల్ల మురికి అవుతోందని దాన్ని బిగించి సీలు వేసి పోయారు. మగవాళ్ళు మూడుసార్లు అర్జీ పట్టుకుని వెళ్తే గేటు కూడా దాటనివ్వలేదు. నాలుగోసారి ఆడవాళ్ళు వెళ్ళారు. ఆఫీసరు బయటికి వచ్చి నల్లా ఎప్పుడు తెరుస్తాడో చెప్పేదాకా లేచేది లేదని పద్దెనిమిది మంది ఆఫీసు గోడ వెంట కూర్చున్నారు. వాళ్ళందరికీ పెద్దదిక్కు మా నాయనమ్మే. నేను ఆమె పక్కన కూర్చున్నాను.

మా నాయనమ్మ నోరు మంచిదని ఎవరూ అనరు. గల్లీలో ఆమె తిట్టు తినని మనిషి లేడు. అలాంటిది ఆ రోజు మాత్రం ఎవరూ తిట్టొద్దు, దారికి అడ్డం కూర్చోవద్దు, పక్కనున్న గాజుల దుకాణం మెట్ల మీద కాలు పెట్టొద్దు అని అందరికీ గట్టిగా చెప్పింది. అయినా ఆ దుకాణం సేఠ్ పొద్దున్నుంచీ మమ్మల్ని ఆడిపోసుకుంటూనే ఉన్నాడు, పేడ కంపుకు గిరాకీ రావడం లేదట. దారిన పోయేవాళ్ళు కొందరు ముక్కు మూసుకుని మరీ నవ్వారు. మధ్యాహ్నానికి ఇన్‌స్పెక్టరు జీపు దిగాడు. పర్మిషన్ లేకుండా ఇంతమంది కూడితే నేరమన్నాడు.

"ఏయ్ ముసల్దానా, చలో ఉఠో! గిదేమన్న మీ బర్రెల కొట్టమా?"

"సడక్ మీద కూసోలే సారూ, గోడ పొంటి కూసున్నం," అంది నాయనమ్మ. "రాయి పట్టలే, నోరు జారలే. మా బాధ చెప్పుకుంటానికి నలుగురం ఒక్క తాన కూసుంటే గది నేరమెట్లయితది?"

 ఇన్‌స్పెక్టరు పక్కనున్న జవాను మేము తాగడానికి తెచ్చుకున్న నీళ్ళ బిందెను బూటుకాలితో ఒక్క తన్ను తన్నాడు. రెండు గల్లీలవతల చేదబావి నుంచి మోసుకొచ్చిన నీళ్ళు! కళ్ళముందే మోరీ కాలవలోకి పోయాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. చేతికందిన రాయి తీశాను. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది, నాయనమ్మ ఫెడేల్మని చెంప మీద కొట్టింది.

"గా రాయి కోసమే వాళ్ళు పొద్దుగాల సంది ఎదురుచూస్తున్నరు. నువ్వు తీసి చేతుల పెడ్తవా?"

నేను ఏడ్చింది దెబ్బకు కాదు. వాణ్ణి ఏమీ అనకుండా నన్ను కొట్టిందే అని. ఆ క్షణం ఆమె అంటే నాకు అసహ్యం వేసింది. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆ వెంటనే ఆఫీసు అటెండరు బయటికొచ్చాడు. మా గల్లీవాడే, మా పాలు తాగి పెరిగినవాడే! "లాఠీ ఎందుకు సార్, ఫికర్ చెయ్యకుండ్రి. నాలుగింటికి బర్రెలు అరుస్తయి, గీళ్ళే లేసి పోతరు. సభ ఖతం అని రాసుకుందాం," అన్నాడు. ఇన్‌స్పెక్టరు నవ్వి కుర్చీ తెప్పించుకున్నాడు. వాడన్నది నిజమే, నాలుగింటికి మా ఆడవాళ్ళే పాలు పితకాలి. బర్రె తనకు అలవాటైన మనిషికి తప్ప ఇంకొకరికి చేపదు, పాలను పొదుగులోనే బిగబట్టుకుంటుంది. మగవాళ్ళంతా గడ్డి అమ్మే అడ్డాకు పోయారు, ఉన్నా వాళ్ళ చేతికి ఆ బర్రెలు లొంగవు. వేళ దాటితే పొదుగు గట్టిపడి జ్వరం వస్తుంది. అంటే నాలుగింటికి లేవక తప్పదు.

 నాయనమ్మ ఆడవాళ్ళ చెవుల్లో ఏదో చెప్పి, నన్ను దగ్గరికి లాక్కుంది. "కోపముంది కదా బిడ్డా, పోయి మన బర్రెను పిండు. దండెం మీద నా చీరుంది, సుట్టుకో," అంది. కోడళ్ళు, ఆడపిల్లలు ఏడుగురం లేచాం, మిగతావాళ్ళు గోడ దగ్గరే ఉన్నారు. ఎవరెవరి బర్రెకు వాళ్ళ అత్తదో అమ్మదో చీర చుట్టుకుని పితకాలి. మనిషి మారినా వాసన మారకపోతే బర్రె నమ్ముతుందని పాలవాళ్ళందరికీ తెలుసు.

నేనేమో ఏడుపులో దండెం మీద మడతపెట్టి ఉన్న ఉతికిన చీర లాగి చుట్టుకున్నాను. బర్రె ఒకసారి వాసన చూసి కాలు విసిరింది. చెంబు ఎగిరిపోయింది. ఇక మొదలు, ఒకటే అరుపు! ఆ అరుపు ఆఫీసు దాకా వినబడిందట. అటెండరు పళ్ళికిలించాడట, ఇన్‌స్పెక్టరు టోపీ సర్దుకున్నాడట. నాయనమ్మ ఒక మోకాలు పైకి లేపి, అలాగే ఆగిపోయిందట. ఇవన్నీ నాకు తర్వాత చెప్పారు. కొట్టంలో మాత్రం నాకు ప్రాణం పోయినంత పనైంది. నా వల్ల అందరూ లేవాల్సి వస్తుందే అని మళ్ళీ దండెం దగ్గరికి పరుగెత్తాను. అప్పుడు చూశాను, దండెం చివర నాయనమ్మ పొద్దున విప్పేసిన మాసిన చీర. పేడ మరకలు, తవుడు వాసన. అది చుట్టుకుని, ఆమెలాగే బర్రె పొట్టకు నుదురు ఆనించి కూర్చున్నాను. బర్రె అరుపు ఆపింది. మెల్లగా పాలు దిగాయి.

ఒకదాని తర్వాత ఒకటి గల్లీలో బర్రెలన్నీ సద్దుమణిగాయి. అక్కడ గోడ దగ్గర నాయనమ్మ మోకాలు దించి మళ్ళీ కూర్చుంది. పొద్దుగూకే వేళకు ఆఫీసరు బయటికి రాక తప్పలేదు. మొహం చిట్లించుకునే అర్జీ తీసుకున్నాడు, సంతకం పెట్టాడు. నల్లా మూడో రోజు తెరిచారు. ఆ జవాను గానీ, ఆ అటెండరు గానీ క్షమించమని అడగలేదు. నేనూ వాళ్ళను క్షమించలేదు.

నలుగురు కలిసి కూర్చోవడం నేరమనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అప్పటికంటే ఎక్కువే ఉన్నారు. మొన్న మా గల్లీలో కుట్టుపని చేసే ఆడపిల్లలు కూలి కోసం ఫుట్‌పాత్ మీద కూర్చుంటే, వంట వేళకు వాళ్ళే లేచిపోతారని ఒక పోలీసాయన ఫోనులో ఎవరికో చెప్పడం విన్నాను. నా మోకాళ్ళు అరిగిపోయాయి, నేను కింద కూర్చోలేను. కానీ ఆ మాట వినగానే ఇంటికొచ్చి మా పెద్ద గుండిగ పొయ్యి మీద పెట్టాను. పక్కిళ్ళ వాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టి లేపి, ఒకరితో పప్పు వండించాను, ఒకరిని వాళ్ళ చంటిపిల్లల దగ్గర కూర్చోబెట్టాను, ఆ సంగతి వాళ్ళకు కబురు పెట్టాను. ఆ రాత్రికి కూర్చున్నవాళ్ళ తొమ్మిది ఇళ్ళలో పిల్లలు కడుపునిండా తిన్నారు.

ఏడింటికి ఆ పోలీసాయన వాచీ చూసుకున్నాడు. ఫుట్‌పాత్ మీద ఒక్క పిల్ల కూడా లేవలేదు.